బొంత మధ్య పొర

నా ట్రంకు పెట్టె అడుగున, కలరా ఉండల మధ్య, ఒక ఆకుపచ్చ నేత చీర తొమ్మిదేళ్లుగా ఉంది. పెట్టె తెరిచిన ప్రతిసారీ దాని మీద ఇంకేదో బట్ట కప్పుతాను. ఎవరూ వెతకరు. అయినా కప్పుతాను. ఈ సంగతి మా ఆయనకు కూడా తెలియదు, మీకే చెబుతున్నాను.

ఆ చీర మా వదినది, అంటే మా ఆయన అక్కది. పిల్లలు లేరు. మొగుడు పోయాక బరంపురంలో మా దగ్గరే ఉంటోంది. నాకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టినప్పుడు నా కూతురికి అన్నం తినిపించింది, జడ వేసింది, బడికి పంపింది ఆవిడే. ఇది ముందే చెప్పాలి. లేకపోతే నేను చేసింది చిన్నదిగా కనిపిస్తుంది.

నా కూతురికి ఒకసారి కడుపు పోయింది. మళ్లీ నెల తప్పినప్పుడు వదిన బొంత మొదలుపెట్టింది. పుట్టబోయే బిడ్డకి ఇంటి ఆడవాళ్లు కట్టి మెత్తబడిన చీరలతో బొంత కుట్టడం మా ఇళ్లలో ఉంది. పైపొర ముక్కలన్నీ ఆవిడే చేత్తో కుట్టింది. లోపలి పొరలు పరిచి అంచులు మూసేలోగా కంట్లో శుక్లాలు ముదిరాయి, సూదిలోకి దారం ఎక్కలేదు. అన్నీ తెచ్చి నా మిషను మీద పెట్టింది.

"నా సీర మద్దిలో ఎట్టమ్మీ. పైకి కనపడక్కర్నేదు. పాపకి నా ఎచ్చన తగిల్తే సాలు" అంది.

గేట్ బజార్ వెళ్లి లావు సూదులు, దారం తెచ్చాను. చీరలు పరిచాను. ఆకుపచ్చది చేతిలోకి తీసుకోగానే ఒక మాట మనసులోకి వచ్చింది. గొడ్రాలి చీర. ఎవరూ అనలేదు ఆ మాట. నా బుర్రలోంచే వచ్చింది. భయమా? భయమే. కానీ ఆవిడ చేత్తో నా కూతురు అన్నం తిన్నన్నాళ్లూ ఆ భయం ఎక్కడికి పోయింది? అవసరానికి పనికొచ్చిన చెయ్యి, శుభానికి పనికిరాకుండా పోయిందా?

చీర మడిచి పెట్టెలో దాచి, నాది ఇంకొకటి వేసి, నాలుగు వైపులా మిషను మీద కుట్టేశాను.

వదిన వచ్చి బొంత తడిమింది. "నాదెక్కడుందమ్మీ?"

ఆవిడ వేలు పట్టుకుని బొంత నడిమధ్యన ఆనించి, "ఇదిగో, ఇక్కడ వదినా" అన్నాను.

చీర తీసెయ్యడం భయం అనుకోండి. వేలు పట్టి చూపించడం ఏమిటి? అది మాత్రం సిగ్గుమాలినతనం. ఆవిడ నవ్వింది. చాలాసేపు అక్కడే చెయ్యి ఉంచింది.

పాప బాగానే పుట్టింది. నా కూతురి అత్తవారి ఊరు పొలసర నుంచి పాప వచ్చినప్పుడల్లా వదిన దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "నువ్వు నా సీరలో పెరిగినావే" అంటుంది. నేను వంటింట్లోకి వెళ్లిపోతాను.

ఇప్పుడు బొంత అంచులు చిరిగాయి. పాప అది లేనిదే పడుకోదట, బాగుచేయమని కూతురు పంపింది. వదిన కళ్లకి ఆపరేషనైంది, చక్కగా కనిపిస్తుంది. "ఇప్పినప్పుడు పిలమ్మీ. నా సీర ఎంత అరిగిందో సూద్దాం" అంది పొద్దున్న.

ఆకుపచ్చ చీరని నాలుగుసార్లు ఉతికి, ఎండలో వెలిసేలా చేసి లోపల పెట్టేస్తే? మడతల గీతలు ఇస్త్రీతో పోవా? లెక్కలన్నీ వేశాను. చూశారా నా బుద్ధి, తొమ్మిదేళ్లకీ మారలేదు.

పెట్టట్లేదు. బొంత విప్పాను. చీర పెట్టెలోంచి తీసి, మడతలు విప్పకుండానే మిషను మీద, బొంత పక్కన పెట్టాను. మీకు చెప్పాక గుండెల్లో కాస్త చోటు దొరికింది. అంతకంటే అడిగే మొహం నాకు లేదు.

వదినని పిలిచాను. వస్తోంది.