మీకెంత వచ్చింది?

రక్తంలో ఇన్ఫెక్షన్ ఎంత ముదిరిందో చెప్పే పరీక్ష అది. మూడు ఊళ్ళ ల్యాబుల్లోనూ ఒకే ఫలితం రావాలని, ప్రతి సోమవారం మదనపల్లెలో ఒకే శాంపిల్‌ను మూడు ట్యూబుల్లో పోసి, రెండింటిని ఐస్ డబ్బాల్లో పుంగనూరుకూ కుప్పానికీ బస్సులో పంపేవాణ్ణి. నెలల తరబడి అంకెలు అచ్చుగుద్దినట్టు కలిశాయి. పొంగిపోయాను.

ఒకరోజు పుంగనూరు టెక్నీషియన్ ఫోన్ చేసింది.

"మీకెంత వచ్చిండాదన్నా? మేమూ అదే రాసేస్తాం. కుప్పంలోనూ కాసుకోనుండారు."

ఒళ్ళు మండింది. "నన్ను యాల అడుగుతావమ్మా? మిషన్ను అడుగు!"

"పని నేర్పించినోళ్ళు మీరు. మీ అంకె తప్పని ఎట్ల రాసేదన్నా?"

ఎవరికి వచ్చింది వాళ్ళనే రాయమంటే మూడు అంకెలూ మూడు రకాలుగా తేలాయి. ఆ తర్వాత మూడు మిషన్లనూ సరిచేశాం. ఇప్పుడు అంకెలు వాటంతటవే కలుస్తున్నాయి. ఎవరూ ఫోన్ చేయరు. సోమవారం ఫలితం రాసి సంతకం పెట్టాక, నేనే పుంగనూరుకు చేస్తాను.

"నీకెంత వచ్చిందమ్మా?"