మా పెద్దవాడు మళ్ళీ ఎందుకు నిలబడలేదంటే

పోయిన నెల తెనాలి ఆసుపత్రి నుంచి మా కోడలు ఫోను చేసి, "అత్తయ్యా, ఆయన ఇక లేరు" అంది. గుండె ఆగిపోయిందని తర్వాత తెలిసింది. కన్నకొడుకు నాకంటే ముందు వెళ్ళిపోతే ఎలా ఉంటుందో రాయడం నాకు చేతకాదు. బడికి వెళ్ళింది మూడో తరగతి వరకే. ఆ పైన బైబిలు చదువుకుంటూ అక్షరాలు మర్చిపోకుండా ఉన్నాను. సమాధి దగ్గరా, ఇంటి దగ్గరా చాలామంది నన్ను ఒకటే అడిగారు. "రెండుసార్లు ఎమ్మెల్యేగా గెలిచినవాడు మూడోసారి ఎందుకు వద్దన్నాడమ్మా?" అని. జబ్బు చేసిందనీ, భయపడ్డాడనీ ఎవరికి తోచింది వాళ్ళు అంటున్నారు. అందుకని నాకు తెలిసింది రాస్తున్నాను.

వాడు మొదట పశువుల డాక్టరు. బాపట్లలో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, తర్వాత మా రేపల్లె వచ్చేశాడు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ వాడికి గేదెల వల్లే తెలుసు. ఇంటాయన పేరు మర్చిపోయినా ఆ ఇంటి గేదెకి ఏ కొమ్ము వంకరో చెప్పేవాడు. ఆ పరిచయంతోనే జనం నిలబెట్టారు, గెలిపించారు. వాడు గెలిచాడు గానీ వాడి పార్టీ ఓడింది. రెండోసారీ అంతే. ఎమ్మెల్యేగా ఉన్నన్నాళ్ళూ ప్రతిపక్షమే.

ప్రతిపక్షం అంటే ఏంటో నాకు తెలియదు. "అసెంబ్లీలో ఏం చేస్తార్రా?" అని అడిగాను ఒకసారి.

"అరుస్తామమ్మా. వాళ్ళు వినరు. బయటికొచ్చి టీ తాగుతాం. మళ్ళీ లోపలికెళ్ళి అరుస్తాం."

"ఆ మాత్రం దానికి హైదరాబాదు దాకా ఎందుకు? ఇక్కడే అరవచ్చుగా."

అన్నం తింటున్నవాడు పొలమారేదాకా నవ్వాడు.

వాడికి కష్టం అక్కడ కాదు, ఇంటి దగ్గర. పెళ్ళి శుభలేఖలు ఇచ్చేవాళ్ళు, పార్టీవాళ్ళు వీధి గుమ్మంలోంచి వచ్చేవాళ్ళు. పని ఉన్నవాళ్ళు మాత్రం దొడ్డి గుమ్మంలోంచి. పింఛను గానీ, రేషను కార్డు గానీ, కాలవ నీళ్ళు గానీ, ఏది కావాలన్నా అవతలి పార్టీ వాళ్ళ మాటే చెల్లేది. మా ఇంటికి వస్తూ కనబడితే ఆ పని ఆగిపోతుందని భయం. తల మీద తువ్వాలు కప్పుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని సందులోంచి వంటింటి పక్కకి వచ్చేవాళ్ళు. వాడు నా పొయ్యి దగ్గరే పీట వేసుకుని వాళ్ళతో మాట్లాడేవాడు. "ఆఫీసు గది కంటే ఇదే నయం, కాఫీ దగ్గర" అనేవాడు.

ఒకావిడ మాత్రం అలా రాలేదు. మొగుడు పోయిన మనిషి, కూలికెళ్ళి పిల్లల్ని సాకేది. "ఓటేసిన మనిషి ఇంటికి నేను దొంగలా ఎందుకు రావాలండీ?" అని వీధి అరుగు మీద అందరికీ కనబడేలా కూర్చుని కాఫీ తాగి వెళ్ళింది. కొన్నాళ్ళకే ఆవిడకి మంజూరైన ఇల్లు ఆగిపోయింది. ఆ సంగతి చెప్పడానికీ వీధి గుమ్మంలోంచే వచ్చింది. "పోతే పోయిందిలే బాబూ. మీ ఇంటి కాఫీ మాత్రం ఖరీదైందే" అంది.

వాడు చొక్కా వేసుకుని నేరుగా తన మీద ఓడిపోయినాయన ఇంటికి వెళ్ళాడు. ఇళ్ళూ వాకిళ్ళూ అప్పుడు ఆయన మాట మీదే వచ్చేవి. "ఆవిడ మా ఇంటికొచ్చింది నన్ను తిట్టిపోయడానికండి. నాకు ఓటు కూడా వెయ్యలేదు. ఆవిడ మీ మనిషే" అని చెప్పాడట. ఆయన నమ్మాడట. ఇల్లు మళ్ళీ మంజూరైంది.

ఇంటికొచ్చి ఇదంతా నవ్వుతూనే చెప్పాడు. అన్నం పెడితే కలిపాడు గానీ తినలేదు. "మేలు చెయ్యలేకపోతే పోనీ అనుకున్నానమ్మా. నాకు ఓటేసినందుకు కీడు జరుగుతుంటే ఏ మొహంతో మళ్ళీ ఓటడగను?" అన్నాడు. అప్పుడే అనుకున్నాను, వీడిక నిలబడడని.

ఎన్నికలు దగ్గర పడ్డాక తెనాలి నుంచి పార్టీ పెద్దలు వచ్చారు. "ఈసారి గాలి మనదేనండి అమ్మగారూ. మీరు చెబితే వింటాడు" అన్నారు. వాళ్ళ ముందే అడిగాను. "ఈసారి మీరే వస్తారంట కదా. మన దొడ్డి గుమ్మం బాధ ఉండదు కదరా?"

"మనకుండదమ్మా. అవతలి పార్టీ ఆయన ఇంటికి పోతుంది. ఆయనకి ఓటేసినవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని ఆయన వంటింట్లోకి పోతారు. మనవాళ్ళని ఆపే బలం నాకు లేదు."

"మంత్రి పదవి రావచ్చయ్యా, ఆలోచించు" అన్నాడొక పెద్దాయన.

"మంత్రికి ఇంకా పెద్ద దొడ్డి కావాలండి" అన్నాడు వీడు.

ఆ పెద్దాయన నా వంక చూశాడు. "టిఫిన్ చేసి వెళ్ళండి బాబూ, వాడు రాడు" అన్నాను.

వాళ్ళన్నట్టే పార్టీ గెలిచింది. చీరాల నుంచి మా చెల్లెలు వచ్చి, "కాస్త ఓపిక పడితే కారు మీద ఎర్రలైటు వెలిగేదక్కా" అని దెప్పిపొడిచింది. వాడు వినీ విననట్టు ఇంజెక్షను సూదులు మరగబెట్టుకుంటున్నాడు. ఆవిడ వెళ్ళాక, "బాధగా ఉందేంట్రా?" అని అడిగాను. "గేదెకి పార్టీ లేదమ్మా. మందు వేస్తే లేస్తుంది. ఎవరినీ అడగక్కర్లేదు" అన్నాడు. అప్పట్లో వీడి మీద ఓడిపోయినాయన గేదెకి పొదుగు వాస్తే ఆయనే వచ్చి మావాణ్ణి కారులో తీసుకెళ్ళాడు. మళ్ళీ బురద కాళ్ళతో ఇల్లంతా తొక్కడం, నేను తిట్టడం. ఆ ఏళ్ళు వాడు కడుపునిండా తిన్నాడు, పడుకున్న వెంటనే నిద్రపోయాడు. కొడుకు పోయిన దుఃఖం నాకుంది. వాడు ఏదో పోగొట్టుకుని పోయాడన్న దుఃఖం మాత్రం లేదు.

వాణ్ణి తలుచుకుని ఇంట్లో ఆదరణ కూడిక పెట్టుకున్న రోజు, పాస్టరు గారు ప్రార్థన ముగించేసరికి కొల్లిపర వైపు నుంచి ఒక రైతు స్టీలు క్యానుతో వచ్చాడు. పోయే నాలుగు రోజుల ముందే, వాళ్ళ చూడి గేదెకి గర్భసంచి మెలిపడితే మావాడు వెళ్ళి సరిచేసి వచ్చాడట. ఆ తెల్లవారుజామునే గేదె ఈనింది. "పెయ్యదూడండి అమ్మగారూ. మొదటి పాలు డాక్టరు గారింటికే అనుకున్నాం" అని క్యాను నా చేతికిచ్చి కళ్ళు తుడుచుకున్నాడు.

బెల్లం కరిగించి, ఆవిరి మీద జున్ను పెట్టాను. వచ్చినవాళ్ళంతా చాప మీద కూర్చుని ఆకుల్లో వేడివేడిగా తిన్నారు. నేనూ ఒక ముక్క తిన్నాను. బాగా గట్టిగా కుదిరింది. మిరియాలు కాస్త ఎక్కువే వేశాను, వాడికి అలాగే ఇష్టం.