కొమురెల్లి కారుకు చల్లగాలి

కొమురెల్లి చివరిసారి చేసిన మామూలు పని ఒక గుడ్డ ఉతికి ఆరేయడం.

జన్మలో తన బనీను తాను ఉతుక్కున్న పాపాన పోని మనిషి ఆ గుడ్డను మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ఆ రోజు పొద్దున్నే కారు బానెట్ లేపి, లోపలి నల్ల డబ్బా విప్పి, అందులోంచి దాన్ని పసిపిల్లను తీసినట్టు రెండు చేతులతో తీశాడు. గోరువెచ్చని నీళ్లలో చిటికెడు సబ్బుపొడి వేసి జాడించాడు. పిండలేదు, పిండితే పోగులు జరుగుతాయట. దండెం మీద లసుమవ్వ జాకెట్టును ఒక పక్కకు నెట్టి, క్లిప్పులు పెట్టి మరీ ఆరేశాడు.

"నీ బట్టలు దానికి తాకనియ్యకు, పీసు అంటుకుంటది" అని భార్యకు హుకుం జారీ చేసి, చాయ్ పెట్టమని కేకేసి, అరుగు మీద కూర్చున్నాడు. లసుమవ్వ చాయ్ తెచ్చేసరికి గోడకు తల ఆనించి ఉన్నాడు. నిద్ర పోయాడనుకుని, "గిప్పుడే గదా లేచింది!" అని కసిరింది కూడా.

కోరుట్ల నుంచి కూతురు హేమలత సిరిసిల్లకు వచ్చి వాకిట్లో అడుగు పెట్టేసరికి ఇంటి నిండా జనం. "బాపూ" అని పడి ఏడుస్తున్న మనిషి, తలెత్తి చూస్తే దండెం మీద ఆ గుడ్డ కనిపించింది. అంత ఏడుపులోనూ నవ్వు తన్నుకొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంది. చుట్టాలు బిడ్డ వెక్కిళ్లు పెడుతోందనుకున్నారు.

ఆ గుడ్డకు ఒక కథ ఉంది.

కొమురెల్లిది సాంచెల మీద బతికిన బతుకు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. రేకుల షెడ్డు కింద ఆ చప్పుడు మధ్య ముప్పై నలభై ఏళ్లు నిలబడితే మనిషి గొంతు తగ్గించి మాట్లాడడం మరిచిపోతాడు. కొమురెల్లి ప్రేమగా "అన్నం తిన్నవా బిడ్డా?" అని అడిగినా వీధి చివరన ఉన్నవాళ్లు తగాదా అనుకుని తొంగి చూసేవారు. పెళ్లిచూపులకు వచ్చిన హేమలత అత్తగారు ఆయన "రాండ్రి, కూసోండ్రి" అనగానే బెదిరి చెప్పులు మళ్లీ వేసుకుందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన కారు కొన్నది హేమలత పెళ్లయి కోరుట్లకు వెళ్లాక. చిన్న తెల్ల కారు. ఎన్ని చేతులు మారి వచ్చిందో దానికే తెలియాలి. చదును రోడ్డు మీద బుద్ధిగానే నడిచేది. చందుర్తి దాటాక వచ్చే గుట్ట ఎత్తు దగ్గరే దానికి ప్రాణం మీదికి వచ్చేది. ఏసీ వేసుకుని ముగ్గురు కూర్చుంటే చాలు, సగం ఎత్తులో "ఇక నావల్ల కాదు" అన్నట్టు మూలిగేది.

కోరుట్లలో లసుమవ్వ చిన్నమ్మ మనవరాలి పెళ్లి నాడు మూలగడం కూడా మానేసింది. ఆగిపోయింది. లసుమవ్వ పట్టుచీర కుచ్చిళ్లు దోపుకుని, వెనక నుంచి నెట్టింది. సరిగ్గా అప్పుడే ఆమె పుట్టింటి వాళ్ల పెద్ద బండి పక్క నుంచి పోయింది. ఆపి సాయం చేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో. వాళ్లు ఆపలేదు. అద్దాలు దించి, చేతులూపారు.

పెళ్లిలో బంతిలో కూర్చున్నప్పుడు చెల్లెలు స్వరూప అందరూ వినేటట్టు అడిగింది: "అక్కా, కారు మిమ్ముల తెచ్చిందా? మీరు కారును తెచ్చిండ్రా?"

లసుమవ్వ తల వంచుకుని తింటూ పోయింది. భోజనాలయ్యాక కారు దగ్గరికి వచ్చి, డోరు తీసి పట్టుకున్న భర్త ముందు నిలబడింది.

"ఏమయ్యా, ఇను. కోరుట్ల బస్సు కంటే ముందుగాల నీ కారు గా గుట్ట ఎక్కిన్నాడు నేను దీంట్ల కూసుంట. అప్పటిదాంక నీ తొవ్వ నీది, నా తొవ్వ నాది."

అని బస్టాండుకు నడిచి వెళ్లిపోయింది.

అప్పటి నుంచి హేమలత ఇంటికి అమ్మానాన్నలు రెండు బండ్లలో రావడం మొదలైంది. బిడ్డను చూడడానికి ఇద్దరూ ఒకే పూట బయల్దేరేవారు. లసుమవ్వ బస్సులో, ఆమె వెనకాల కొమురెల్లి ఖాళీ కారులో. గుట్ట దగ్గర బస్సు ముందుకు పోయేది, కారు వెనకబడేది. ముందు అవ్వ దిగేది, అన్నం ఉడికే వేళకు బాపు వచ్చేవాడు. "తొవ్వల ఒక దోస్తు కలిసిండు బిడ్డా" అనేవాడు. చందుర్తి గుట్ట మీద ఆయనకు అంతమంది దోస్తులు ఎక్కడి నుంచి వచ్చారో హేమలత అడగలేదు. లసుమవ్వ మాత్రం పళ్లెంలో అన్నం పెడుతూ, "గా దోస్తును గూడ తోల్కరాకపోయినవు, రెండు మెతుకులు తినిపోతుండె" అనేది.

కారు గుట్ట ఎక్కకపోయినా కొమురెల్లికి ఫరవాలేదు, ముందు సీటు ఖాళీగా ఉండడమే ఆయన భరించలేకపోయాడు. నలుగురూ చూస్తుండగా భార్యను పక్కన కూర్చోబెట్టుకుని పోవాలనే ఆ కారు కొన్నాడు మరి. పూలదండ, దిష్టి నిమ్మకాయ, దేవుడి బొమ్మ అన్నీ ఉన్నాయి. ఉండాల్సిన మనిషే లేదు.

ఎవరో ఫోనులో వీడియో చూపించారు. ఇంజను బానెట్ కింది వేడిగాలిని పీల్చుకుంటుందట, బయటి చల్లగాలి అందిస్తే దానికి బలం పెరుగుతుందట. మిగతావాళ్లు చూసి వదిలేశారు. కొమురెల్లికి అది గుండెలో నాటుకుంది.

"అవునా కాదా బిడ్డా, నువ్వే చెప్పు" అని ఫోనులో హేమలత చెవి గింగురుమనేలా అరిచాడు. "ఎండకాలం రేకుల షెడ్డుల సాంచె నడిపేటోనికి పానం ఎట్లుంటది? అదే యాపచెట్టు కిందికొస్తే ఎట్లుంటది? గా ఇంజను గూడ రేకుల కింద నిలవడి పనిజేస్తుంది. దానికి ఇంత సల్లగాలి దొరకాలె. సల్లగాలి చిక్కగ ఉంటది. వేడిగాలి పల్చగ ఉంటది, నీళ్ల సాంబారు లెక్క."

"మరి అవ్వకు చెప్పినవా బాపు?"

"చెప్పిన. ఆమె ఏమన్నదో తెలుసా? ఇంజనుకు యాపచెట్టు గూడ నాటమన్నది."

మొదట ఇల్లు కట్టగా మిగిలిన ప్లాస్టిక్ పైపు పెట్టాడు. గాలి డబ్బా నుంచి ముందు జాలీ వెనకదాకా వంపులు తిప్పుతూ బిగించాడు. వేములవాడ దాకా పోయి వచ్చేసరికి అది వేడికి మెత్తబడి, ఎండకు వాడిన బీరకాయలా వేలాడింది. జగిత్యాలలో పాత సామాన్ల దుకాణం సత్తయ్య దగ్గరికి పోయాడు. సత్తయ్య ట్రాక్టరుకు వాడే లావుపాటి రబ్బరు గొట్టం ఒకటి వెతికి తీశాడు.

"ఏం ట్రాక్టరు కొన్నవు కొమురెల్లన్నా?" అన్నాడు.

"కొన్లే. కారును ట్రాక్టరు చేస్తున్న."

గొట్టం కుదిరింది. ఇక గాలిలోని దుమ్ము ఆపే జల్లెడ సంగతి. దుకాణాల్లో దొరికే కాగితం జల్లెడను చూసి కొమురెల్లి ముఖం చిట్లించాడు. తాతల కాలం నుంచి బట్ట నేసే ఇంట్లో పుట్టి, కాగితాన్ని నమ్ముకోవాలా? వడగట్టేది బట్ట కాక ఇంకేమిటి? సొంత సాంచె మీద అప్పుడే దిగిన కాటన్ తాను నుంచి ఒక ముక్క కత్తిరించాడు. పోగు పోగూ వెలుతురుకు పట్టి చూశాడు. మడతలు వేసి, తీగ చట్రానికి బిగించి, డబ్బాలో కూర్చాడు. "కంపెనీవాడు గూడ ఇసొంటిది పెట్టలేడు" అన్నాడు. ఆ మాట నిజమే, వాడు పెట్టనే పెట్టడు.

బస్సుతో పందెం పెట్టుకున్న నాడు ముసురు పట్టింది. సిరిసిల్ల నుంచి గుట్ట అడుగుదాకా కారు లేగదూడలా ఉరికింది. బస్సు వెనకే ఉంది. కిటికీలోంచి లసుమవ్వ తనను చూస్తున్నదని ఆయనకు తెలుసు. హారన్ కొట్టాడు. అంతే, ఎత్తు మొదలైన కాసేపటికి కారు దగ్గింది. మళ్లీ దగ్గింది. ముక్కు మూసినవాడిలా బుసబుసమని, సగం ఎత్తులో పూర్తిగా నిలబడిపోయింది. పక్క నుంచి బస్సు మెల్లగా, చాలా మెల్లగా దాటిపోయింది.

కోరుట్లకు కొమురెల్లి ట్రాక్టరు వెనక తాడు కట్టించుకుని వచ్చాడు. హేమలత వాకిట్లో బానెట్ ఎత్తి, డబ్బా విప్పి ఆ బట్టను బయటికి తీస్తే అది బట్టలా లేదు. ఎండిన అప్పడంలా ఉంది. లసుమవ్వ దాన్ని అందుకుని వేలితో కొట్టింది. టకటకమంది.

"ఏందయ్యా ఇది?"

కొమురెల్లి వంగి గొట్టం బిగింపు చూడబోయాడు.

"ఏందంటున్న? సాంచె మీదికెల్లి దింపిన తాను గంజితోని ఉంటదని పుట్టిన పోరగానికి ఎరుకే. అది ఉతకకుంట తీసి ముక్కుకు కడితివి. వానగాలికి గంజి తడిసె, ఇంజను వేడికి ఎండె, అట్టగట్టె. నీ పెండ్లాం బీడీలు చుట్టేటిది, దానికి తెలుసు. నీకు తెల్వదా?"

"తెలుసు" అన్నాడు కొమురెల్లి. ఆయన గొంతు అంత చిన్నగా రావడం హేమలత ఎప్పుడూ వినలేదు. "యాదికి రాలే. కొత్త తాను... ముద్దుగుండె."

నేసేవాడు చేసే తప్పే అది. ఉతికిన బట్ట వాడిదే కానట్టు, మగ్గం మీద నుంచి దిగిన మెరుపుతో ఉన్నదే అసలు బట్ట అయినట్టు చూస్తాడు. వేరేవాడైతే ఏ పాత పంచె చింపో పెట్టి ఉండేవాడు, కారు గుట్ట ఎక్కి ఉండేది. లసుమవ్వ నవ్వాపుకోలేక లోపలికి పోయింది. కొమురెల్లి ఆ అప్పడం ముక్కను ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. హేమలత చాయ్ ఇస్తే తాగలేదు. "గిట్లనే పోతదేమో బిడ్డా, ఆమె బస్సుల, నేను కార్ల" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ కారు వైపు చూడలేదు.

ఆ తర్వాత ఉతకడం మొదలైంది. గంజి పోయేదాకా ఉతికి, ఆరేసి, సాంచెకు పోసే నూనె రెండు చుక్కలు రాసి, మళ్లీ బిగించాడు. గొట్టం మూతిని వాన పడని చోటికి తిప్పాడు. ఏసీ ఆపి ఎక్కితే చాలదా అని ఎవరో అంటే, "ఆమె చెమటలు కక్కుకుంట నా పక్కన కూసోవాల్నా?" అని ఎగిరాడు.

రెండో పందెం నాడు ఎండ కాసింది. హేమలత మధ్యాహ్నం గిన్నెలు కడుగుతుంటే బయట కారు హారన్ ఆగకుండా మోగింది. గుమ్మంలోకి వచ్చి చూస్తే బాపు ఒక్కడే, కారు పైన చెయ్యి వేసి, రాజ్యం గెలిచినవాడిలా నిలబడి ఉన్నాడు.

"మీ అవ్వ ఇంక రాలే గదా? రాదు! బస్సు గుట్ట మీద నిలవడిపోయింది బిడ్డా! దానికి దమ్ము సాల్లే. నేను రయ్యిన దాటుకొచ్చిన. దానికి గూడ ఒక గొట్టం పెట్టాలె ఇగ!"

తర్వాత దిగిన లసుమవ్వ ఏ వంకా పెట్టలేదు. మొహం కడుక్కుని, అన్నం తిని, సాయంత్రం పోయేటప్పుడు సంచి తీసుకుని నేరుగా వచ్చి ముందు సీట్లో కూర్చుంది. "ఏసీ ఎయ్యి మరి, సూస్తవేంది?" అంది. కొమురెల్లి డోరు ఎంత మెల్లగా వేశాడంటే సరిగా పడక, మళ్లీ తీసి వేయాల్సి వచ్చింది.

ఆ బస్సు కథను ఆయన జీవితాంతం చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ బస్సు ఇంకొంచెం పొగ కక్కింది, గుట్ట ఇంకొంచెం లేచింది. సాంచెల దగ్గర, చాయ్ హోటల్లో, మనవడి పుట్టినరోజు నాడు. కారున్నవాళ్లు ఒకరిద్దరు నిజంగానే బానెట్ ఎత్తించుకుని చూశారు. స్వరూప పిల్లలకు సైతం చూపించాడు. లసుమవ్వ ఆ కథ చెప్పేటప్పుడల్లా లేచి ఏదో పని మీద వంటింట్లోకి పోయేది. విని విని విసుగొచ్చిందనుకునేది హేమలత.

ఆయన పోయి దినాలన్నీ అయ్యాక, అవ్వను కొన్నాళ్లు కోరుట్లలో ఉంచుకుందామని హేమలతే ఆ కారు నడుపుకుంటూ బయల్దేరింది. గుట్ట మొదలైంది. కారు మూలగకుండా ఎక్కుతోంది.

"ఈడనే గదవ్వా, బాపు బస్సును దాటింది?"

లసుమవ్వ మెడ చాచి ముందుకు చూసింది. "ఈడ కాదు, కొంచెం మీదికి. గా మలుపుకాడ" అంది. తర్వాత, "నిలవడ్డ బస్సును దాటుడు గూడ ఒక దాటుడేనా" అంది.

"బస్సుకు ఏమైండె?"

"దానికేమైతది? సక్కగనే ఉండె. కడుపుల తిప్పుతుందని చెప్పి నేనే ఆపిన. కండక్టర్ పిల్ల పాపం, నీళ్ల సీసా గూడ ఇచ్చింది."

హేమలత బ్రేకు మీద కాలు వేసింది. "అవ్వా! ఎందుకు?"

"ఎందుకేంది? అన్ని దినాల సంది బస్సుల ఎగిరెగిరి నడుములు పోయినయి నావి." లసుమవ్వ కిటికీలోంచి బయటికి చూసింది. "గా రాయి మీద కూసున్న. మీ బాపు దాటిపోయిండు. బస్సును చూసిండు గని నన్ను చూడలే. స్టీరింగు గట్టిగ పట్టుకొని, నోరు తెరుసుకొని, ముంగటికే చూసుకుంట పోయిండు."