పిట్టల్ని ఎగరేసిన క్రేన్ బావ

నేను ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివినవాణ్ణి. ఆ చదువుతోనే ఇటుక బట్టీ పెట్టాను, చెల్లెళ్ళకు పెళ్ళిళ్ళు చేశాను, పిల్లల్ని ఇంజనీర్లను చేశాను. అయినా మా కుటుంబంలో మొనగాడెవరంటే పెద్ద చెల్లెలి భర్తనే చూపిస్తాను. క్రేన్ నడుపుతాడని అందరూ క్రేన్ బావ అంటారు. నది మీది వంతెన దూలాలు, ఆసుపత్రి కప్పు మీది నీళ్ళ ట్యాంకు ఆయన చేతి మీదుగా లేచినవే. ఆయన దూలాన్ని గుడ్డు మీద దించినా పెంకు చిట్లదని పేరు.

ఆ చేతికే పక్షవాతం వచ్చింది. మాట, నడక తిరిగొచ్చాయి. కుడిచెయ్యి మాత్రం పిడికిలి బిగిస్తే మళ్ళీ విచ్చుకునేది కాదు.

ఫిజియోథెరపీ గదిలో ఆయన్ని ఒక తెర ముందు కూర్చోబెట్టారు. వేళ్ళు విప్పితే పైనున్న కెమెరా పసిగడుతుంది, తెరమీద పంజరం తెరుచుకుని పిట్ట ఎగురుతుంది. వ్యాయామమంటే మొహం చిట్లించే మనిషి, ఆట అనేసరికి పొద్దున్నే తయారయ్యేవాడు. మావాళ్ళకు ఓడిపోవడం చేతకాదు. గోడ మీద రోగుల పాయింట్ల పట్టికలో బావ పైకెక్కుతుంటే నేనూ మీసం మెలేశాను.

ఒకరోజు ఫిజియోథెరపీ అమ్మాయి ఆయన భుజం మీద అరచెయ్యి వేసి అదిమిపట్టింది.

“ఇప్పుడు ఎగరెయ్యండి బాబాయ్.”

ఒక్క పిట్టా కదల్లేదు.

“మీరు భుజం విదిలిస్తుంటే కెమెరా మోసపోతోంది. వేళ్ళు ఇంకా రాలేదు. పనిలోకి అప్పుడే వద్దు.”

“గెలిచినవాణ్ణి పట్టుకుని ఓడావంటావేంటమ్మా,” అని బావ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఇంటికొచ్చే దారిలో అన్నాడు: “మా సైటు మేనేజరుకు ఆ పట్టిక ఫొటో చూపించాను బావా. రేపు రమ్మన్నాడు.”

“ఆ అమ్మాయి వద్దంది కదా.”

“దానికి పిట్టలు తెలుసు. క్రేన్ నాకు తెలుసు.”

తెల్లారి చెల్లెలు ఫోన్ చేసింది. “అన్నయ్యా, ఆయన చెప్పకుండా వెళ్ళిపోయారు.”

నేను సైటుకు చేరేసరికి ఇనుప దూలం గాల్లో ఉంది. దాని కొస పట్టి సర్దడానికి కూలీలు చేతులెత్తి నిలబడ్డారు. దూలం ఆగాల్సిన చోట ఆగలేదు. మెల్లగా వాళ్ళ నెత్తిమీదికే దిగుతోంది. మేస్త్రి చేతిలోని వైర్‌లెస్‌లో బావ గొంతు వినిపించింది. అరుపు కాదు, పేకాటలో ముక్క అడిగినట్టే ఉంది.

“అందర్నీ తప్పుకోమను. పిడికిలి విచ్చుకోవట్లేదు.”

కూలీలు పరుగెత్తారు. దూలం మనిషి ఎత్తులో ఆగి, ఊగుతూ ఉండిపోయింది. ఎడమచేత్తో ఒక్కో వేలూ క్రేన్ లీవరు మీంచి పీక్కున్నాడట. కిందికి దిగాక ఎవరి మొహమూ చూడలేదు. వచ్చి నా బండెక్కాడు.

“ఆ అమ్మాయి ఇవాళ ఉంటుందా బావా?”

కుడిచెయ్యి అప్పటికే ఒళ్ళో మళ్ళీ బిగుసుకుంది.