మామిడి జీడి కషాయం, నా మొదటి ప్రసంగం

ఆ రోజుల్లో, ప్రార్థన చేసి లేచాక తోచిన ప్రతి ఆలోచనా దేవుడిచ్చిందే అనుకునేవాణ్ణి. పంతొమ్మిది వందల నలభైల్లో సంగతి. బైబిలు బడి ముగించి మేడ్చల్‌లో గది తీసుకున్న నన్ను శామీర్‌పేట సంఘంవాళ్లు ఒక ఆదివారం వాక్యం చెప్పమన్నారు. నచ్చితే అయ్యగారిగా ఉంచుకుంటారు, లేకుంటే తిరిగి నాయిన వెంట నాగలి పట్టాలి (మా ఎద్దులకు నా ప్రసంగాలంటే అప్పటికే విసుగొచ్చింది). సరిగ్గా ఆ వారమే చిగుళ్లు వాచి చీము పట్టాయి. నోరు తెరిస్తే నాకే వాసన. ప్రార్థన చేసి లేచేసరికి, పుండ్లకు మామిడి టెంకలోని జీడి మంచిదని మా అవ్వ అంటుండడం గుర్తొచ్చింది. ఎండాకాలం, టెంకలకేం కొదవ. జీడి దంచి, చిక్కగా మరగబెట్టి, వగరుకు నాలుక మొద్దుబారేదాకా పుక్కిలించాను. ఆదివారం పొద్దుటికి వాపూ లేదు, వాసనా లేదు. దేవునికి స్తోత్రం చెప్పి (అద్దం గర్వానికి దారని గదిలో పెట్టుకోలేదు) సైకిలెక్కాను.

నా అంశం, కడగబడిన జీవితం. "ప్రియులారా, నన్ను చూడండి" అంటూ నోరారా నవ్వాను. ముందు కూర్చున్న ముసలమ్మ పక్కామెతో, "గీ అయ్యగారు మిస్సీ పెట్టిండేందే?" అంది. మిస్సీ అంటే ఆడవాళ్లు పళ్లకు పూసుకునే నల్ల పొడి. గుడంతా నవ్వు. సంఘపెద్ద లేచొచ్చి నా నోట్లోకి తొంగిచూశాడు.

"పండ్లు బొగ్గులెక్కున్నయ్. ఏం దిన్నవయ్యా?"

"తినలే. మామిడి జీడి కషాయం పుక్కిలించిన."

"దేంట్ల కాగబెట్టినవ్?"

"ఇనుప మూకుట్ల."

"వగరు, ఇనుము కలిస్తే సిరా అయితది గదా. నువ్వేం సదివినవయ్యా?"

నాగలి కళ్లముందు కదిలింది. అయినా నా ధైర్యం నాది. "రంగు రేపో మాపో పోతది. సిగుళ్లు సూడుండ్రి" అని పెదవి పైకెత్తాను. ఆయన చాలాసేపు చూసి, తన దవడ తడుముకుని, గొంతు తగ్గించి, "నొప్పి మొత్తం వోయిందా?" అన్నాడు.

"మొత్తం."

"ఇంకింత ఉన్నదా మరి?"

నన్ను ఉంచుకున్నారు. ఆనాటి వాక్యం ఒక్కరికీ గుర్తులేదు గానీ, కషాయం కోసం (ఇక మట్టికుండలోనే) అలియాబాద్ నుంచి కూడా వచ్చేవారు. ఇప్పుడు తుర్కపల్లి ల్యాబులో పనిచేసే మా మనవరాలు, మామిడి జీడి సారం పడ్డచోట క్రిములు పెరగడం లేదని కొత్త సంగతిలా చెబుతుంది. నేను బుద్ధిగా వింటాను. నావిప్పుడు కట్టుడు పళ్లు, మచ్చలేని తెలుపు. నల్లపళ్లని తెలిసీ అంత మందిముందు పెదవి పైకెత్తిన ఆ కుర్రవాడి ధైర్యం మాత్రం వీటితో రావడం లేదు.