ఏటిగట్టు మీద హార్డ్‌టెయిల్

రాష్ట్రం విడిపోవడానికి ముందు ఏడాది జూన్‌లో నన్ను రాజోలు దిగువన, గోదావరి పాయ వసిష్ఠ ఎడమ గట్టు సెక్షన్‌కి అసిస్టెంట్ ఇంజినీరుగా వేశారు. అప్పటికే సర్వీసు చాలా గడిచింది గాని, అదంతా కాలువల మీదా డ్రాయింగ్ బ్రాంచిలోనూ సాగింది. ఏటిగట్టు పని చూడడం అదే మొదలు. కాలువలో నీళ్లు మనం వదిలితే వస్తాయి, ఆపితే ఆగుతాయి. ఏటిగట్టు అవతలి నీళ్లు ఎవరి మాటా వినవు. వరద రోజుల్లో గోదావరి మట్టం ఇవతలి పొలాల కంటే, ఇళ్ల గడపల కంటే ఎత్తున ఉంటుంది. మధ్యలో ఉండేది మట్టికట్ట ఒక్కటే.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టాన్ని బట్టి మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు ఇస్తారు. రెండోది వచ్చిందంటే సెక్షన్ అధికారి తన గట్టంతా ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి స్వయంగా చూడాలని మాకు ఆదేశం. గట్టు మీద నిలబడి చూస్తే చాలదు. పొలం వైపు గట్టు మొదట్లో, మేం 'టో' అనే చోట, నీరు ఊరుతోందా, బుంగలు పడుతున్నాయా అని చూసుకోవాలి. వరద గట్టు మీద నుంచి పొర్లితే ఊరంతటికీ కనిపిస్తుంది. అడుగు నుంచి మట్టిని తోడుకుంటూ వచ్చే నీరు మాత్రం వెతికినవాళ్లకే కనిపిస్తుంది.

నా సెక్షన్ మధ్యలో ఒక ముక్క ఉంది. దాని మీద గ్రావెల్ ఎప్పుడో కొట్టుకుపోయింది. వాన పడితే అంతా బంకమట్టి. చార్జి అప్పగించిన అధికారి ఆ సంగతి చెప్పి, "అక్కడ బండి నడవదండి, జాగ్రత్త," అని మాత్రం అన్నారు. మొదటి వానకే నాకది అనుభవంలోకి వచ్చింది. స్కూటీ పక్కకి జారి, నేనూ బండీ కలిసి ఏటి వైపు వాలు మీద దొర్లాం. రెల్లు దుబ్బులు ఆపాయి. మా లస్కరు సత్తిబాబు, అంటే గట్టు కాపలా చూసే ఉద్యోగి, పరుగెత్తుకొచ్చి చెయ్యి అందించాడు. "ఇప్పుడు కింద నీళ్లు లేవు కాబట్టి సరిపోయిందండీ మేడం గారూ," అన్నాడు.

దెబ్బలు వారంలో మానాయి. ఆ మాట మాత్రం మానలేదు. నాకు పట్టుకున్న భయం పడతానని కాదు, వరద రోజున ఆ ముక్కకి చేరలేనేమోనని. సబ్ డివిజన్ మొత్తానికి జీపు ఒక్కటే. నడిస్తే వెళ్లి రావడానికే సగం రోజు పడుతుంది, రెండో తిరుగుడుకి వీలుండదు. లస్కర్లు ఉన్నారు గాని, వాళ్లవీ అవే కాళ్లు. పైగా ఏం చెయ్యాలో చెప్పవలసింది నేను.

పాలిటెక్నిక్ చదివే రోజుల్లో సైకిలు తొక్కినదాన్నే. మా వారి సైకిలు తీసుకుని ఒక తడి సాయంత్రం ప్రయత్నించాను. మడ్‌గార్డు, టైరు మధ్య మట్టి కూరుకుపోయి చక్రం బిగుసుకుపోయింది. మా వారు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. ఏ విషయమైనా మూలం దాకా వెళ్లందే వదలరు. కొండదారుల్లో తొక్కే సైకిళ్లుంటాయనీ, వాటిలో ముందు చక్రానికి మాత్రమే స్ప్రింగు ఫోర్కు ఉండి వెనక గట్టి ఫ్రేము ఉండేదాన్ని హార్డ్‌టెయిల్ అంటారనీ, విరిగిపోయే భాగాలు తక్కువ కాబట్టి మనకదే మేలనీ చెప్పారు. రాజమండ్రి వెళ్లి ఒక దుకాణంలో చూశాం. ధర విని, ఇంకేమీ అడక్కుండా బయటికి వచ్చేశాం. ఆ ఏడే మా పెద్దమ్మాయి ఇంజినీరింగులో చేరింది.

కొనలేకపోతే కట్టుకోవాలి. అమలాపురంలో సైకిలు షాపు పెట్టుకున్న సూర్యనారాయణ గారి అటక మీద, ఎవరో పిల్లాడు పొడుగై వదిలేసిన ఫ్రేము ఒకటి దుమ్ము కొట్టుకుని ఉంది. ఇనుప ఫ్రేము, బరువే. వెనక టైరుకి అటూ ఇటూ వేలు దూరేంత ఖాళీ ఉంది. నాకు కావలసింది ఆ ఖాళీయే, మట్టి రాలిపోవడానికి. అతుకుల దగ్గర పగుళ్లున్నాయేమోనని అనుమానం వచ్చింది. లాకుల షట్టర్లకి మేం చేసే పరీక్షే దీనికీ చేశాను. అతుకు మీద కిరసనాయిలు రాసి, కాసేపాగి తుడిచి, సుద్ద పూశాను. పగులుంటే దానిలో ఇంకిన నూనె సుద్ద మీద సన్నటి గీతలా తేలుతుంది. గీత తేలలేదు. అయినా మర్నాడు మళ్లీ చేశాను.

ఫోర్కు దగ్గరే అసలు చిక్కు వచ్చింది. కొత్తది మా అంచనాకి అందదు. సూర్యనారాయణ గారు రాజమండ్రి పాత సామాన్లలోంచి ఒకటి తెప్పించారు. బాగానే ఉంది గాని, హ్యాండిల్ గొట్టంలోకి దూరవలసిన దాని మెడని ముందువాళ్లు తమ ఫ్రేముకి సరిపడా కోసేశారు. మా ఫ్రేములో దూర్చితే అది పై అంచు దాకా రాలేదు, హ్యాండిల్ బిగించడానికి పట్టు లేదు.

"ముక్క అతికించేద్దామా అండీ? మనూళ్లో మంచి వెల్డరున్నాడు," అన్నారాయన.

నేను ఒప్పుకోలేదు. ఆ మెడ విరిగితే మనిషి మొహం మీద పడతాడు. ఆయన నొచ్చుకోలేదు. "ఆయ్, మీరన్నదీ నిజమేలెండి," అని దాన్ని వెనక్కి పంపి, ఇంకోదాని కోసం కబురు పెట్టారు. అది రావడానికి జులై సగం పోయింది. ఈలోగా ఎగువన భద్రాచలం దగ్గర నీరు పెరుగుతోందని పేపర్లో వచ్చినప్పుడల్లా నాకు అన్నం సహించేది కాదు. మా వారు నెమ్మదస్తులు. ఆయన కూడా ఒక రోజు, "ఫోర్కు వస్తుందిలే, గోదారిని కాస్త ఆగమను," అని హాస్యమాడబోయి నా మొహం చూసి ఊరుకున్నారు.

ఆఖరికి రెండో ఫోర్కు వచ్చింది. దానికి డిస్క్ బ్రేకు బిగించే చెవులు ఉన్నాయి. ముందు చక్రానికి కొత్త హబ్బు, కొత్త డిస్క్ బ్రేకు వేయించాను. రిమ్ముని నొక్కే బ్రేకు మట్టిలో పట్టదు, ఇరుసు దగ్గర పట్టే డిస్కు పడుతుంది. ఫ్రేముకి వెనక ఆ చెవులు లేవు, అక్కడ మామూలు బ్రేకే. టైర్లు వెడల్పువి, లోతైన గళ్లవి, కొత్తవే కొన్నాం. పెడళ్ల దగ్గరి గేర్లు తీసేసి ఒక్క పళ్లచక్రం ఉంచాం, వెనక చక్రం గేర్లు మాత్రం అలాగే వదిలాం. మట్టిలో ఇరుక్కునే సామాను ఎంత తక్కువైతే అంత మంచిది. సీటు, పెడళ్లు, హ్యాండిల్, చైను అన్నీ పాతవే. ఒక లెక్క పెట్టుకున్నాను: విరిగితే మనిషి పడే భాగానికి డబ్బు పెట్టాలి, విరిగితే దిగి నడవవలసిన భాగానికి అక్కర్లేదు.

చుడీదారు, గమ్‌బూట్లతో ఆ బండి మీద గట్టెక్కిన మొదటి రోజు రేవులో బట్టలుతికే ఆడవాళ్లు నవ్వారు. సత్తిబాబు నవ్వలేదు. "ముందు చక్రం ఊగుతుందేటండీ?" అని అడిగాడు. ఊగడానికే పెట్టామని చెప్పాను. నమ్మినట్టు కనబడలేదు.

ఆగస్టులో వరద వచ్చింది. రెండో హెచ్చరిక ఇచ్చిన రోజు పొద్దున్న నుంచీ ముసురు. నాట్లు అయిపోయిన చేలన్నీ పచ్చగా ఉన్నాయి. గట్టుకి అవతలి పక్క ఎర్రటి నీళ్లు మానుల్నీ గడ్డివాములనీ మోసుకుంటూ పోతున్నాయి. ఉదయం తిరుగుడులో ఏమీ కనబడలేదు. మధ్యాహ్నం సత్తిబాబునీ మిగతా లస్కర్లనీ రేవు దగ్గర ఇసుక బస్తాల నిల్వ వద్ద ఉంచి, నేను ఒక్కదాన్నే మధ్య ముక్కలోకి వెళ్లాను. కొంత దూరం గట్టు మీద తొక్కడం, దిగి టో వెంబడి నడవడం, మళ్లీ ఎక్కడం, అలా సాగింది. ఏటి వైపు చూడకూడదనుకుంటూనే చూసేదాన్ని.

పెద్దిరాజు గారనే రైతు కొబ్బరితోటలో, గట్టు మొదలుకి నాలుగడుగుల ఇవతల, నేల ఉడుకుతున్నట్టు కనిపించింది. పళ్లెమంత మేర నీరు కుతకుతలాడుతూ పైకి తోస్తోంది. చుట్టూ మెత్తటి మట్టి చీమల పుట్టలా పేరుకుని ఉంది. చేత్తో ముంచి చూశాను. తేటగా ఉంటే ఊట, భయం లేదు. అరచేతిలో బురద మిగిలింది. అంటే గట్టు అడుగున మట్టి కదిలి వచ్చేస్తోంది.

ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు. కరెంటు పోయి టవర్లు ఆగిపోయాయని తర్వాత తెలిసింది. తోటలో ఉన్న పెద్దిరాజు గారిని కేకేసి పిలిచాను. అరవై దాటిన మనిషి. చూడగానే తలపాగా తీసి చేతిలో పట్టుకున్నారు. ఊళ్లోవాళ్లని పలుగూ పారలతో తీసుకురమ్మనీ, బుంగలో మాత్రం ఏమీ కూరొద్దనీ చెప్పి సైకిలెక్కాను.

తిరిగి రేవుకి వెళ్లిన ఆ దారి నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. ముసురు కాస్తా వానయింది. వెనక బ్రేకు బురదతో నిండి పని చెయ్యడం మానేసింది. వెనక గేరు మారడం లేదు, ఉన్నదాంతోనే తొక్కాను. ఒక చోట గట్టు మీద నీళ్లు నిలిచి, అంచు ఎక్కడుందో తెలియలేదు. దిగి నడిపిద్దామనుకున్నాను. దిగితే మళ్లీ ఎక్కే ధైర్యం ఉండదని తెలుసు. చూపు దూరంగా పెట్టి తొక్కేశాను. రేవు దగ్గర వాలు దిగేటప్పుడు ముందు బ్రేకు ఒక్కటే ఆపింది. ఫోర్కు కిర్రుమంటూ కుంగి, లేచి నిలబడింది.

సత్తిబాబుకి వివరం అక్కర్లేకపోయింది. "ఎక్కడండీ?" అన్నాడు. చెప్పాను. బస్తాలని ట్రాక్టరులో ఊళ్లోంచి చుట్టుదారిన తోట దాకా తెచ్చి, అక్కడి నుంచి నెత్తిన మోయించమన్నాను. తడి గట్టు మీదికి ట్రాక్టరు ఎక్కకూడదు. వాళ్లు బయలుదేరగానే నేను వెనక్కి తిరిగాను.

వెళ్లేసరికి తోటలో జనం. బుంగ పెద్దదైంది. కొందరు గడ్డీ, గోనెలూ పట్టుకుని నిలబడ్డారు. బస్తాలు రాగానే బుంగ మీద కాకుండా దాని చుట్టూ వలయంలా పేర్పించడం మొదలుపెట్టాను. దాన్ని రింగ్ బండ్ అంటాం. లోపల నీరు నిలిచి ఎత్తు పెరిగితే, ఆ బరువే కింద నుంచి వచ్చే తోపుని తగ్గిస్తుంది. నీరు వస్తుంది గాని మట్టిని తేలేదు. నోరు మూసేస్తే నీరు ఇంకో దారి వెతుక్కుంటుంది. ఆ దారి గట్టుకి ఇంకా దగ్గరగా ఉంటే గండే.

ఇదంతా పుస్తకంలో చదివిందే. నా చేత్తో ఎన్నడూ చేయించలేదు.

"అమ్మా ఏఈ గారూ, కన్నం మూయకుండా చుట్టూ గోడ కట్టిస్తున్నారేటండీ?" అన్నారు పెద్దిరాజు గారు. "నా తోట పోతే పోయిందండీ. కిందనున్నది ఊరు. పిల్లలున్నారు."

"మూస్తే పక్కన పొడుస్తుందండీ బాబాయి గారూ."

"పొడవకపోతేనండీ?"

ఒక కుర్రాడు గోనె పట్టుకుని ముందుకొచ్చాడు. సత్తిబాబు అడ్డంగా నిలబడి, "మేడం గారు చెప్పేదాకా ఎవరూ ముట్టుకోవద్దండీ," అన్నాడు. అతను నన్ను నమ్మాడో, ఉద్యోగ ధర్మం పాటించాడో నాకు తెలియదు. ఊళ్లోకి మనిషిని పంపి, ముసలివాళ్లనీ పిల్లల్నీ స్కూలు మేడ మీదికి చేర్చమని కబురు పెట్టాను. నా మాట తప్పయితే కనీసం వాళ్లు బతికుండాలి కదా.

వలయం మోకాలెత్తు అయింది. నీరు ఇంకా బురదగానే ఉంది. ఇంకో వరస పేర్పించాను. బురదే. మూసెయ్యమని చెబుదామా అన్న మాట నోటి దాకా వచ్చింది. ఇంకో వరస అన్నాను. మగవాళ్లు బస్తాలు అందిస్తున్నారు. నీరు నడుమెత్తుకి వస్తుండగా కుతకుత నెమ్మదించింది. చెయ్యి ముంచి పైకి తీశాను. అరచేతి గీతలు కనిపించాయి. నమ్మకం కుదరక పెద్దిరాజు గారిని చూడమన్నాను. ఆయన కొబ్బరిచిప్పతో ముంచి, వెలుతురుకి పెట్టి చూసి, "తేటగానే ఉందండీ," అన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకాయన బీడీ వెలిగించుకున్నాడు.

సాయంత్రానికి మా డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు గారు తోట దారిన నడిచి వచ్చారు. వలయం చుట్టూ తిరిగి, రెండు చోట్ల బస్తాలు సర్దించి, కాపలా వేయించి, గట్టుకి చేరేసి ఉన్న సైకిలు వంక చూశారు. "ఇది డిపార్టుమెంటుది కాదు కదా?" అన్నారు. కాదన్నాను. వరద మూడో రోజుకి తీసింది. వేసవిలో బుంగ ఉన్న చోట గట్టుని వెడల్పు చేశాం. ఆ అంచనాలో గట్టు మీది గ్రావెల్‌తో పాటు గస్తీకి సైకిళ్లు కూడా చేర్చి పంపాను. గ్రావెల్ మంజూరైంది. సైకిళ్లకి రేట్ల పట్టికలో ఐటెం లేదని ఎర్ర సిరాతో కొట్టేసి పంపారు. నా బండి మీద నేను ఇంకో మూడు వరదలు తిరిగాను.

ఏటిగట్టు బలహీనమైన చోట తెగుతుందని మాకు చదువులో చెప్పారు. అది సగమే నిజం. బలహీనమైన చోట్లు ప్రతి గట్టుకీ ఉంటాయి. మనిషి వేళకి చేరలేకపోయిన చోట గట్టు తెగుతుంది. కాబట్టి గట్టుకి మట్టి ఎంత కావాలో లెక్క కట్టే ఇంజినీరు, ఆ చోటికి తను ఎలా వెళ్తాడో కూడా వరద రాకముందే లెక్క కట్టుకోవాలి.