ఓకే మా ముత్తాతదే

ఒక మాటకు పుట్టినూరు వెతకబోయి కోల్‌కతా రేవు పక్కనున్న మా పేట వాట్‌గంజ్ అంతటి ముందూ నేను పరువు పోగొట్టుకున్న వైనం చెబుతాను. జాలిపడకండి. అప్పట్లో నాకు తల నిండా జుట్టుండేది, జుట్టు కింద ఏమీ ఉండేది కాదు. అయినా తప్పు నాదేనని ఇప్పటికీ ఒప్పుకోను.

ఆ మాట ‘ఓకే’. అంత చిన్న మాటకు ఎన్ని అర్థాలో చూడండి. ఆఫీసరంటే సరే అని. ఫోనులో అంటే ఇక పెట్టెయ్ అని. మా ఆవిడంటే, నీ సంగతి తర్వాత చూస్తానని. పుట్టుక సంగతి ఇంకా గందరగోళం. అమెరికాలో ఏదో పత్రికవాళ్ళు వేళాకోళానికి తప్పుల తడకగా రాసిన పొడి అక్షరాలని పండితులంటారు. కాదు, అక్కడి ఆదివాసుల మాటని కొందరు. ఎవరో నాయకుడి ముద్దుపేరని ఇంకొందరు. ఇంతమంది తలా ఒకటి చెబుతుంటే వాట్‌గంజ్ ఒక్కటే నోరు మూసుకుని కూర్చోవాలా?

మేము సిక్కోలు నుంచి రేవు పనికి వచ్చినవాళ్ళ మునిమనవలం. దుర్గాపూజ వస్తే మా వీధి క్లబ్బుకు కుర్చీలన్నీ మేమే మోసేవాళ్ళం. కమిటీలో కూర్చునే కుర్చీ మాత్రం మాకు లేదు. ఆ ఏడు కార్యదర్శి బాపీదా పందిరికి థీమ్ దొరక్క తల పట్టుకున్నాడు. కోల్‌కతాలో థీమ్ లేని పూజ పందిరంటే ఉప్పు లేని పులుసు.

“థీమ్ ఇచ్చినవాడికి కమిటీలో కుర్చీ,” అన్నాడు టీకొట్టు బెంచీ మీద కూర్చుని.

“దాదా, ఓకే అన్న మాట మన రేవులోనే పుట్టింది, తెలుసా?” అన్నాను.

“ఎవరు పుట్టించారు?”

“మా ముత్తాత అప్పన్న. సరుకెక్కించడం అవగానే ‘ఓడ కదలొచ్చు’ అని తెలుగులో కేకేసేవాడు. దొరకి నోరు తిరక్క మొదటి అక్షరాలు రెండూ పట్టుకుపోయాడు. ఆ ఓడ అమెరికా చేరింది.”

“రుజువు?”

“అమెరికావాడు ఓకే అంటున్నాడుగా.”

బాపీదా లేచి నన్ను కావలించుకున్నాడు.

నెల తిరిగేసరికి వీధిలో పెద్ద ఓడ లేచింది. వెదురూ గోనెపట్టా తప్ప అందులో ఇంకేమీ లేకపోయినా, తాడు విప్పితే హుగ్లీ నదిలో దిగిపోయేలా ఉంది. దాని ముందు మట్టి ముత్తాత. ఆయన ఫొటో ఎక్కడా లేదు కాబట్టి శిల్పి నా మొహం చూసి చేశాడు, కండలు మాత్రం తన ఊహలోంచి తెచ్చి పెట్టాడు. నది అవతలి టికియాపారా నుంచి మా మేనత్త కొడుకు రైల్వేవాళ్ళను వెంటేసుకుని వచ్చాడు.

“ఏటి బావా, మనోడింతటోడని మాకో ముక్క సెప్పనేదే?”

“గొప్పలు చెప్పుకోవడం నాకిష్టం ఉండదురా,” అన్నాను.

పందిళ్ళ పోటీలో బహుమతి వస్తేనే కుర్చీ అని బాపీదా ఈలోగా మెలిక పెట్టాడు. రాకపోతే మళ్ళీ మోతే. మావాళ్ళందరూ ఇస్త్రీ బట్టలు వేసుకుని నిలబడ్డారు. జడ్జీలు వచ్చారు. వాళ్ళ వెనకే, కర్ర పొడుచుకుంటూ మా నాయనమ్మ.

“ఒరే, ఈ బొమ్మెవుడిదిరా?”

“ముత్తాతదే, నాయనమ్మా.”

“ఏటీ, మా మావదా? ఓడ కూత ఇనబడితే మా మావకి కడుపులో తిప్పీసీది. రేవుకేటెల్తాడు. ఇంటికాడ కూకుని కూలోళ్ళకి సారు కాసీవోడు. అదీ నీళ్ళసారు.”

“ఠాకుమా ఏమంటున్నారు?” అన్నాడు పెద్ద జడ్జి బెంగాలీలో. ఠాకుమా అంటే వాళ్ళ భాషలో నాయనమ్మ.

“మామగారి త్యాగం తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు,” అన్నాను.

కన్నీళ్ళెక్కడివి? ఆమె నా మీదికి కర్రెత్తింది. ఆమె తెలుగు జడ్జీలకు చేరేది నా నోటి మీదుగానే అన్న ధీమాలో నేను మరిచిపోయింది ఒకటుంది. నాయనమ్మ పుట్టింది ఈ పేటలోనే. జీవితమంతా ఇక్కడి బజారులో చేపలమ్మింది. ఆమె బెంగాలీ ముందు బాపీదా కూడా నసుగుతాడు. జడ్జీల వైపు తిరిగి మొత్తం చెప్పేసింది, నీళ్ళచారుతో సహా. ఆ చారు తాగలేక కూలీలు ముత్తాతనే గంగలో ముంచబోయిన కథ చెబుతుంటే జడ్జీలు ఓడ పట్టుకుని నవ్వారు. చూడ్డానికి వచ్చిన జనం పక్క పందిరికి వెళ్ళడం మానేశారు.

బహుమతి రాలేదు. బాపీదా బొమ్మను చూశాడు, నన్ను చూశాడు, “ఓకే,” అన్నాడు. ఆ అర్థం ఏ నిఘంటువులోనూ లేదు.

కుర్చీ మాత్రం వచ్చింది. “జనాన్ని కదలకుండా నిలబెట్టింది ఠాకుమా. కమిటీలోకి ఆవిడే రావాలి,” అన్నాడు బాపీదా. ఆ కుర్చీ మోసుకొచ్చి వేసింది నేనే.

అయితే ఒక మాట. నాయనమ్మ కాదన్నది మామనే గాని ఓడను కాదు. మా ముత్తాత అరవకపోతే ఆయన పక్కవాడు అరిచి ఉంటాడు. కాదని అమెరికావాణ్ణి వచ్చి నిరూపించమనండి.

కాబట్టి ఆ దుర్గమ్మ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇంగ్లీషు మాటల పుట్టుకలోకి మా ఇంటి ముత్తాతను ఇక చచ్చినా లాగను. పొరుగిళ్ళ ముత్తాతలు బోలెడుమంది ఖాళీగానే ఉన్నారు.